మాత్ర మానకండి, కంచం మార్చండి

బీపీ మాత్ర, షుగరు మాత్ర అయితే నలుగురి ముందే వేసుకుంటాం. మనసు జబ్బు మాత్రని మాత్రం పోపుల డబ్బా వెనక దాచి, ఎవరూ చూడకుండా వేయిస్తాం. దాచిన మాత్ర గురించి ఎవరిని అడుగుతాం చెప్పండి? అందుకే ఆ మాత్రలతో ఒళ్లు వస్తుంటే ఏం చేయాలో తెలియక చాలామంది తల్లులు లోలోపలే నలిగిపోతుంటారు. ఈ వారం ఆ సంగతే చెప్పుకుందాం.

చిలకలూరిపేట వైపు మా దూరపు బంధువుల అమ్మాయి ఉంది. ఎవరూ లేకపోయినా చెవిలో మాటలు వినపడే జబ్బు వచ్చింది. గుంటూరులో చూపిస్తే డాక్టరుగారు ఒలాంజపిన్ రాశారు. రెండు నెలల్లో మాటలు తగ్గాయి, నిద్ర పట్టింది, తల్లితో కలిసి మిరపకాయ కోతలకి కూడా వెళ్లింది. కానీ ఆరు నెలలు తిరిగేసరికి 52 కిలోల పిల్ల 61 కిలోలయింది. అప్పుడే సంబంధాలు చూస్తున్నారు. "ఈ ఒళ్లు చూసి ఎవరు చేసుకుంటారు వదినా?" అంటూ తల్లి మాత్రలు ఆపేసింది. కొన్నాళ్లు బాగానే ఉంది. మూడో నెలలో జబ్బు తిరగబెట్టి, ఆస్పత్రిలో చేర్చాల్సి వచ్చింది. ఈసారి కోలుకోవడానికి మొదటిసారి కన్నా చాలా రోజులు పట్టింది.

ఆ పిల్ల తిండిబోతు కాదు సుమా! ఈ మందుల్లో కొన్ని మెదడులో ఆకలినీ, కడుపు నిండిందనే కబురునీ తారుమారు చేస్తాయి. తిన్న గంటకే మళ్లీ ఆకలేస్తుంది. ఒలాంజపిన్, క్లోజపిన్‌లతో బరువు ఎక్కువగా పెరుగుతుంది. రిస్పెరిడోన్, క్వెటియాపిన్‌లతో మధ్యస్థంగా, అరిపిప్రజోల్, హాలోపెరిడాల్‌లతో సాధారణంగా తక్కువగా పెరుగుతుంది. అలాగని మందు మార్చడం మన చేతిలో పని కాదు. కొందరికి క్లోజపిన్ తప్ప వేరే ఏదీ పనిచేయదు. అది డాక్టరుగారు చూసుకోవాలి. మన చేతిలో ఉన్నవి వేరే ఉన్నాయి.

మొదటిది కాటా. మాత్ర మొదలుపెట్టిన రోజే బరువు చూసి కాగితం మీద రాయండి. బరువు పెరిగేది ఎక్కువగా మొదటి నెలల్లోనే కాబట్టి అప్పుడు వారానికోసారి చూడండి. 60 కిలోల మనిషి 3 కిలోలు పెరిగితే చాలు, డాక్టరుగారికి చెప్పాల్సిందే. పది కిలోలు పెరిగేదాకా ఆగకండి. కుట్టుమిషను టేపుతో నడుము కొలవండి. ఆడవాళ్లకి 80 సెంటీమీటర్లు, మగవాళ్లకి 90 దాటకూడదు. షుగరు, కొలెస్టరాలు పరీక్షలు మొదట్లో ఒకసారి, మూడు నెలలకి ఒకసారి, ఆ తర్వాత ఏడాదికి ఒకసారైనా చేయించాలి.

రెండోది కంచం. 1967లో సాగర్ నీళ్లు రాకముందు మన పల్నాడు మెట్ట ఊళ్లలో జొన్నన్నం, జొన్న సంకటే తిండి. వరి అన్నం పండగలకీ చుట్టాలకీ. ఇప్పుడు మూడు పూటలా బియ్యమే. రాత్రిపూట అన్నం మాని రెండు జొన్న రొట్టెలు, ఆకుకూర పప్పు పెట్టండి. జొన్నలో పీచు ఎక్కువ, ఆకలి తొందరగా వేయదు. అలాగని ఆరు రొట్టెలు తింటే ఫలితం ఉండదు. ఇంకో మాట. మన గుంటూరోళ్ల కంచంలో అన్నాన్ని లాగేది పచ్చడే. పండుమిరప పచ్చడి, గోంగూర, పైన నెయ్యి ఉంటే ఎంత అన్నం తిన్నామో మనకే తెలియదు. ముందు కూర, పప్పు వడ్డించి, పచ్చడి ఆఖర్న నాలిక్కి రాసుకునేంత పెట్టండి. సాయంత్రం ఆకలికి మిరపకాయ బజ్జీలు కాకుండా గుప్పెడు వేయించిన శనగలు, దోసకాయ ముక్కలు అందుబాటులో ఉంచండి.

ఒక జాగ్రత్త. లిథియం మాత్ర కూడా వాడుతున్నవాళ్లకి ఉప్పు ఒక్కసారిగా తగ్గించకూడదు, నీళ్లూ తగ్గకూడదు. తగ్గితే ఆ మందు ఒంట్లో పేరుకుని విషమవుతుంది. వాళ్లకి ఏ పథ్యమైనా డాక్టరుగారిని అడిగాకే.

మూడోది దాహం. ఈ మందుల్లో కొన్ని నోరు ఎండగడతాయి. అప్పుడు కూల్‌డ్రింకులు, రోజుకి నాలుగైదు టీలు అలవాటవుతాయి. బరువులో సగం సంగతి అక్కడే ఉంటుంది. పల్చటి మజ్జిగ, మంచినీళ్లు దగ్గర పెట్టండి.

నాలుగోది నడక. ఈ మందులు వాడేవాళ్లకి ఎండదెబ్బ తొందరగా తగులుతుంది. మన ఎండలు మీకు తెలియనివా! పొద్దు పొడవకముందో, పొద్దుగూకాకో అరగంట నడిపించండి. "నువ్వు నడువు" అంటే కదలరు, మీరూ తోడు వెళ్లండి.

అన్నిటికన్నా ముఖ్యం మన నోరు. "ఇంకా తింటావా?" అన్న మాట ఆ బిడ్డకి దెబ్బలాంటిది. సిగ్గుతో చాటుగా తింటుంది, లేదా మాత్ర చాటుగా పారేస్తుంది. ఒక్కరికే పథ్యం పెట్టకండి, ఇంటిల్లిపాదీ అదే తినండి. షుగరు ఉన్న మామగారికీ మేలే, మనకీ మేలే.

ఇంత చేసినా బరువు ఆగకపోతే నిరాశ పడకండి. బరువు తగ్గడానికి మెట్‌ఫార్మిన్ అనే షుగరు మాత్రని కూడా డాక్టర్లు కొందరికి ఇస్తున్నారు. మందుల షాపులో మీ అంతట మీరు కొనొద్దు, కిడ్నీలు ఎలా ఉన్నాయో చూసే ఇస్తారు. ఊళ్లో ఎవరినీ అడగలేమనుకుంటే 2022లో మొదలైన టెలి మానస్ ఉంది. 14416కి ఫోను చేస్తే డబ్బు తీసుకోకుండా తెలుగులోనే మాట్లాడతారు.

ఈసారి ఆస్పత్రికి వెళ్లేటప్పుడు బరువు రాసిన కాగితం తీసుకెళ్లి డాక్టరుగారి ముందు పెట్టండి. "మాత్ర మానం. ఈ బరువుకి ఏం చేద్దామండీ?" అని అడగండి. ఈ ఒక్క ప్రశ్న అడగడానికి మొహమాటపడకండి.