నల్ల పలక మీద నల్ల బలపం

సైకిలు తొక్కడానికి ప్రత్యేకమైన దుస్తులు కావాలా? కావాలంటే ఎటువంటివి? కవిత్వం గురించీ కథల గురించీ రాసుకొనే చోట ఈ ప్రశ్న ఏమిటని మిత్రులు నొసలు చిట్లించవచ్చు. వేషం కూడా ఒక భాషే. ఆ భాషలో నేను చేసిన ఒక తప్పు ప్రాణం మీదికి తెచ్చింది కనుక, ఈ నాలుగు మాటలూ రాయక తప్పడం లేదు.

మాది మార్కాపురం, పలకల ఊరు. కొన్నేళ్ళ క్రితం రక్తంలో చక్కెర పెరిగి, నడకో సైకిలో ఏదో ఒకటి తప్పదని వైద్యుడు చెప్పినప్పుడు, సన్నని చక్రాలూ వంపు హ్యాండిలూ ఉన్న రోడ్డు సైకిలు కొన్నాను. సైకిలు వచ్చాక దుస్తుల మీద మనసు పోయింది. కంప్యూటరు తెరపై కనబడిన చిత్రాలలో, ఐరోపా కొండల మలుపుల్లో, నఖశిఖపర్యంతం నల్లని బిగుతు దుస్తులు ధరించిన వీరులు దూసుకుపోతున్నారు. ఆ నలుపులో ఒక ఠీవి కనిపించింది. నల్ల జెర్సీ, నల్ల నిక్కరు, నల్ల మేజోళ్ళు తెప్పించుకున్నాను.

మొదటి విమర్శ తర్లుపాడు దారిలో టీ కొట్టు అవ్వ నుంచి వచ్చింది. నన్ను ఎగాదిగా చూసి, "నాయనా, తొందర్లో పైగుడ్డ మర్చిపోయి వచ్చినావా?" అన్నది. ఎగతాళి కాదు, నిజమైన జాలి. నవ్వుకొని టీ తాగి వచ్చేశాను.

రెండవ విమర్శకు నవ్వలేకపోయాను. మా ప్రాంతంలో వేసవి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. సైకిలు తొక్కాలనుకొనేవాడు తెల్లవారకముందే బయలుదేరాలి. అట్లా ఒకనాడు కంభం చెరువు దాకా పోదామని చీకటితోనే రోడ్డెక్కాను. వెనుక నుంచి వచ్చిన లారీ ఆఖరి క్షణంలో కీచుమంటూ పక్కకు తిరిగి, నన్ను దాటి ఆగింది. డ్రైవరు దిగి వచ్చాడు. తిడతాడనుకున్నాను. అతని చేతులు వణుకుతున్నాయి. "ఏంది సామీ, నల్ల రోడ్డు మీద నల్ల గుడ్డలేసుకొని పోతుండావు? నీకేమన్నా అయితే నా పిల్లల గతేంది?" అన్నాడు.

పలకల ఊరివాడిని, నాకీ చిన్న విషయం తెలియకపోవడమేమిటి? నల్ల పలక మీద తెల్ల బలపంతో రాస్తేనే అక్షరం కనిపిస్తుంది. నేను నల్ల పలక మీద నల్ల బలపాన్నై తిరుగుతున్నాను.

ఆ రోజు నుంచి అందమైన వేషం అంటే ఏమిటన్న ఆలోచన పట్టుకుంది. పదకొండవ శతాబ్దపు కాశ్మీర ఆలంకారికుడు క్షేమేంద్రుడు కావ్యానికి ప్రాణం ఔచిత్యమన్నాడు. అలంకారం ఎంత విలువైనదైనా ఉండవలసిన చోట ఉంటేనే శోభ. సైకిలు దుస్తులకు ఇంతకన్న మంచి సూత్రం నాకు కనిపించలేదు. ఐరోపా కొండ మలుపులో, ముందూ వెనుకా వాహనాలు నడుస్తున్న పందెంలో నలుపు శోభించవచ్చు. నల్లమల అంచున, లారీల మధ్య, తెల్లవారుజామున అది అనౌచిత్యం.

నిజానికి ఈ దుస్తులలో మనం ఫ్యాషను అనుకొనేదంతా ఒకప్పటి అవసరమే. టూర్ ద ఫ్రాన్స్‌లో అగ్రగామి ధరించే పసుపు జెర్సీ 1919లో వచ్చింది. గుంపులో ముందున్నవాడెవడో దారి పక్క జనానికి తెలియాలన్నది ఉద్దేశం. పోటీ నిర్వహించిన పత్రిక పసుపు కాగితం మీద అచ్చవడం వల్ల ఆ రంగు ఎంచుకున్నారంటారు. జెర్సీకి జేబులు వీపు మీద ఉండటానికి కారణం, వంగి తొక్కేటప్పుడు ముందు జేబులోని వస్తువులు వేలాడి మోకాళ్ళకు అడ్డం పడటం. వెనుక భాగం పొడుగ్గా ఉండేదీ వంగినప్పుడు నడుము బయటపడకుండానే. లైక్రా అని మనం పిలిచే సాగే దారం 1958లో అమెరికాలో పుట్టింది. అంతకుముందు పందెగాళ్ళవి ఉన్ని నిక్కర్లు. వాటి లోపల రాపిడి తగలకుండా మెత్తని తోలు కుట్టేవారు.

"ఇవన్నీ ఎందుకయ్యా, మా నాన్న పంచె కట్టి ముప్పై ఏళ్ళు తొక్కలేదా?" అనే మిత్రులున్నారు. తొక్కారు. మా నాన్నగారూ తొక్కారు. అయితే ఆయనది నిటారుగా కూర్చొనే బండి, స్ప్రింగుల మీద వెడల్పాటి తోలు సీటు. నాది సన్నని సీటు, ముందుకు వంగే భంగిమ. ఆ బండికి పంచె ఉచితం, ఈ బండికి మెత్త కుట్టిన నిక్కరు ఉచితం. అదీగాక నాన్నగారి తరానికి సైకిలు వేషం లేదనడం సరికాదు. పంట్లాం వేసుకున్న రోజున గొలుసులో చిక్కకుండా కుడి కాలి అంచుకు పెట్టుకొనే ఇనుప క్లిప్పు, ఎండకు తలచుట్టూ తువ్వాలు: అవన్నీ ఔచిత్యం తెలిసిన అలంకారాలే.

ఇప్పుడు నా ఎంపిక ఇది. జెర్సీ లేత రంగులో, పొడుగు చేతులతో, పలుచగా ఉండాలి. ఎండ చర్మాన్ని తాకకూడదు, చెమట గాలికి ఆరాలి. నూలు బనియను చెమటను పీల్చి వీపుకు అంటుకొని ఉండిపోతుంది. మెత్త ఉన్న నిక్కరు లోపల మరో లోదుస్తు వేసుకోకూడదు, ఆ కుట్లే ఒరిపిడికి మూలం. ప్రతిసారీ ఉతకాలి. పైన ఒక వదులు నిక్కరు తొడుక్కుంటే టీ కొట్టు అవ్వకూ అభ్యంతరం లేదు, నాకూ సంకోచం లేదు. ఇక ఫ్లోరసెంటు రంగులు పగటి వెలుగులోనే మెరుస్తాయి, చీకట్లో పని చేయవు. చీకట్లో కావలసింది లారీ దీపం కాంతిని తిప్పికొట్టే పట్టీ. అదీ చీలమండలకు కట్టుకుంటే పైకీ కిందికీ కదులుతూ, పోయేది మనిషేనని దూరం నుంచే చెబుతుంది. వెనుక ఎర్ర దీపం సరేసరి.

ఇంతటితో ముగించేవాడినే, మా మేనకోడలు ఒక మాట అనకపోతే. హైస్కూల్లో ఉండగా సైకిలు మీదే బడికి వెళ్ళిన పిల్ల, పదవ తరగతి తరువాత ఆపేసింది. నా సైకిలును తడిమి చూస్తుంటే, నువ్వూ తొక్కరాదా అన్నాను. "మామయ్యా, నీ నిక్కరు చూసి అందరూ నవ్వి ఊరుకున్నారు. నేనేసుకుంటే నవ్వి ఊరుకుంటారా?" అన్నది.

సమాధానం చెప్పలేకపోయాను. నాకు వేషం ఒక ముచ్చట. ఆమెకు అది రోడ్డు మీదికి వచ్చే అనుమతిపత్రం. ఊరి చూపు మారేదాకా ఆగమనడం అన్యాయం, ఆ చూపును లెక్కచేయకమనడం నాకు తేలిక, ఆమెకు కాదు. చివరికి ఆమే దారి కనిపెట్టింది. మెత్త నిక్కరు మీద వదులు ట్రాక్ ప్యాంటు, కుడి కాలికి తాతయ్య పాత క్లిప్పు, మోకాళ్ళ పైదాకా వచ్చే తెల్లని పొడుగు చేతుల చొక్కా. చక్రంలో చిక్కే చున్నీని మాత్రం ఇంట్లోనే వదిలేసింది, వాళ్ళమ్మతో ఒక పూట వాదించి మరీ.

గత ఆదివారం ఇద్దరం తర్లుపాడు దాకా వెళ్ళాం. టీ కొట్టు అవ్వ ఆ పిల్లను ఎగాదిగా చూసి, "బాగుండావమ్మా" అన్నది. ఇన్నేళ్ళలో నాకు ఆ మాట దక్కలేదు.

నా మటుకు నాకు సొగసంటే అదే. వెనుక వచ్చే లారీకి కనిపించాలి, ఎదురొచ్చే మనిషి పలకరించాలి, తొక్కేవాళ్ళకు తొక్కుతున్నంతసేపు ఒంటి మీద బట్ట గుర్తుకు రాకూడదు. మీ ఊళ్ళో ఆడపిల్లలు ఏం వేసుకొని తొక్కుతున్నారో, అసలు తొక్కుతున్నారో లేదో, వీలైతే చెప్పండి.