చెవులు దులిపిన కుక్క చెప్పేదేమిటి?

ఊరికి బయలుదేరి నాన్న గుమ్మం దిగేవాడు. అరుగు పక్కన పడుకున్న కుక్క లేచి, తల విదిలించి, చెవులు టపటపా దులిపేది. వెంటనే లోపలి నుంచి నాయనమ్మ కేక: “ఆగరా! కాసేపు కూర్చుని, ఇన్ని మంచినీళ్ళు తాగి వెళ్ళు.” నాన్న మారుమాటాడకుండా వెనక్కి వచ్చి కూర్చునేవాడు. కుక్క మాత్రం ఒళ్ళు నేలకు ఆనించి, కాలితో చెవి గోక్కుంటూ మళ్ళీ మళ్ళీ దులుపుతూనే ఉండేది. దాని చెవిలో ఏముందో చూద్దామని ఇంట్లో ఒక్కరికీ తోచలేదు. నాకూ తోచలేదు.

బయలుదేరేటప్పుడు కుక్క చెవులు దులిపితే పని చెడుతుందన్న ఈ శకునాన్ని పరీక్షించడానికి ప్రయోగశాల అక్కర్లేదు, ఒక నోటుపుస్తకం చాలు. కుక్క చెవులు దులిపిన రోజు వెళ్ళిన పని అయిందా కాలేదా అన్నది ఒక పేజీలో, దులపని రోజుల లెక్క మరో పేజీలో రాసి పోల్చాలి. ఆ పని ఎవరూ చెయ్యరు. పని చెడిన రోజు కుక్క గుర్తొస్తుంది, జరిగిన రోజు కుక్కను మరచిపోతాం. కాకి వాలిందని తాటిపండు రాలలేదని తెలిసిన పెద్దలే ఇలాంటిదానికి కాకతాళీయమని పేరు పెట్టారు. పైగా ఈ నమ్మకానికి విరుగుడే కంచె. నీళ్ళు తాగి వెళ్ళాక పని జరిగితే దోషం పోయిందంటారు, చెడితే శకునం నిజమైందంటారు. ఏం జరిగినా తప్పని తేలని మాటను జ్ఞానమనుకోకూడదు.

మరి కుక్క చెవులెందుకు దులుపుతుంది? నిద్ర లేచాకో, ఒళ్ళు తడిసినప్పుడో ఒకసారి దులిపితే అది సహజం. పదేపదే దులిపితే చెవిలో దురదో నొప్పో ఉన్నట్టు. మన చెవి గొట్టం సుమారు 2.5 సెంటీమీటర్లుంటుంది, పెద్దగా వంపు లేకుండా లోపలికి పోతుంది. కుక్కది జాతిని బట్టి 5 నుంచి 10 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. పైనుంచి కిందికి దిగి, అక్కడ మలుపు తిరిగి, అడ్డంగా కర్ణభేరి వైపు సాగుతుంది. ఆ మలుపులో పడింది సులభంగా బయటికి రాదు. కుక్క మనలా చెవిలో వేలు పెట్టుకోలేదు. తల విదిలించడమే దానికున్న ఉపాయం.

చెవిలోని గులిమిని మనం మురికి అనుకుంటాం. నిజానికి అది కాపలా. గొట్టం చర్మంలోని గ్రంథుల జిడ్డు, రాలిన చర్మకణాలు కలిసి గులిమి అవుతుంది. దుమ్మును పట్టుకుంటుంది, చర్మానికి తడి తగలనివ్వదు. గొట్టం లోపలి చర్మం కర్ణభేరి దగ్గర నుంచి బయటి వైపుకు మెల్లగా జరుగుతూ పాత గులిమిని మోసుకొస్తుంది. లేత పసుపు, లేత గోధుమ రంగుల్లో కొద్దిగా, వాసన లేకుండా ఉంటే ఆ చెవి బాగున్నట్టే. నలిగిన కాఫీపొడిలా నల్లగా పొడిపొడిగా ఉంటే చెవి మైట్లనే చిన్న పురుగులు పట్టాయేమోనని అనుమానించాలి. ఇవి కూనల్లో ఎక్కువ, ఒకదాని నుంచి మరోదానికి పాకుతాయి. గోధుమ రంగు జిగురుతో ముక్కవాసన వేస్తే ఈస్ట్ పెరిగి ఉండవచ్చు. చీము కారుతూ దుర్వాసన వస్తే బాక్టీరియా చేరి ఉండవచ్చు. తగ్గినట్టే తగ్గి పదేపదే వచ్చే చెవిపోటు వెనక చాలాసార్లు చర్మపు అలర్జీ ఉంటుంది. గోమారి దూరినా, గడ్డిముల్లు గుచ్చుకున్నా కుక్క తల విదిలిస్తూనే ఉంటుంది. అలా విదిలించీ విదిలించీ చెవి రెక్కలో రక్తనాళాలు చిట్లి, రెక్క బూరెలా ఉబ్బడమూ ఉంది.

ఇక్కడ శకునం చేసే హాని మొదలవుతుంది. కాలభైరవుడి వాహనమని గుడిలో దండం పెట్టే చేతులే, చెవి దులిపిందని వీధిలో రాయి విసురుతాయి. జాలి ఉన్నవాళ్ళూ ఇంటి వైద్యంతో కీడు చేస్తారు. వెల్లుల్లి వేసి కాచిన నూనె, ఆకుపసరు పోస్తారు. పుండులో పురుగులు పడితే కిరోసిన్, ఫినాయిల్ పోస్తారు. నూనెకు ఊపిరాడక కొన్ని పురుగులు చావచ్చు. కానీ కర్ణభేరి చిరిగి ఉంటే పోసిందంతా మధ్యచెవికి చేరుతుంది, తల ఒరిగిపోవచ్చు, వినికిడి పోవచ్చు. కిరోసిన్, ఫినాయిల్ పచ్చి పుండును కాల్చేస్తాయి.

నగరంలో మరో నమ్మకం పుట్టింది: రోజూ చెవి తుడిస్తేనే శుభ్రమని. దూదిపుల్ల గులిమిని బయటికి తేవడానికి బదులు మలుపులోకి కుక్కుతుంది. అతిగా కడిగితే చర్మం తడిసి నాని, రోగానికి తలుపు తెరుస్తుంది. బాగున్న చెవిని వారానికొకసారి చూసి, వాసన పీల్చి వదిలేస్తే చాలు. తేడా ఉంటే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళాలి. ఆయన ఓటోస్కోప్‌తో కర్ణభేరిని చూసి, గులిమిని గాజుపలక మీద పూసి మైక్రోస్కోప్ కింద పెట్టి, కారణం తెలిశాక మందు ఇస్తాడు. పక్కింటి కుక్కకు మిగిలిన చుక్కల మందు పోయడం శకునం చూసినంత గుడ్డిపనే.

మన రాజ్యాంగంలోని 51-ఎ అధికరణ పౌరుల విధులు చెబుతుంది. అందులో ఒక ఉపనిబంధన జీవుల పట్ల కరుణ చూపమంటుంది. ఆ వెంటనే వచ్చేది శాస్త్రీయ దృక్పథాన్ని, ప్రశ్నించే తత్వాన్ని పెంచుకోమంటుంది. ఆ రెండూ పక్కపక్కన ఉండడం నాకెంతో ఇష్టం. మా అరుగు పక్క కుక్క విషయంలో మాకు ఆ రెండూ లోపించాయి. ప్రశ్నించలేదు కాబట్టి కరుణ చూపలేకపోయాం. బాధ పడుతున్నది అది, భయపడింది మేము.

నాయనమ్మ “ఆగు” అనడంలో తప్పు లేదు. ఈసారి గుమ్మం దిగుతుండగా కుక్క చెవులు దులిపితే మీరూ ఆగండి. అది మిమ్మల్ని ఎరిగినదైతే దగ్గర కూర్చుని, నెమ్మదిగా చెవి రెక్క ఎత్తి చూడండి.