పిల్లికి నట్టల మందు ఎవరు వెయ్యాలి?

మా పర్చూరు వైపు పిల్లిని ఎవరూ పనిగట్టుకుని పెంచరు. అది వుంటుంది, అంతే. మిరపకాయల బస్తాలూ, పత్తీ, ధాన్యం వున్నచోట ఎలుకలుంటాయి కాబట్టి పిల్లీ వుంటుంది. పూటకి కాస్త పాలన్నం పడేస్తే దాని జీతం ఇచ్చేసినట్టే. పిల్లలేమో దాన్ని ఒళ్ళో వేసుకుని ముద్దులాడుతుంటారు. అంతా బాగానే వుంది గానీ, దాని కడుపులో ఏముందో ఎవరికైనా పట్టిందా అన్నదే నా గోల.

గొర్రెల మందకి పశుసంవర్ధక శాఖ వాళ్ళు నట్టల మందు తాగిస్తారు. 2015లో మొదలైన జాతీయ నులిపురుగుల నివారణ దినం పేరుతో అంగన్‌వాడీల్లో, బడుల్లో 1 నుంచి 19 ఏళ్ళ వాళ్ళకి ఆల్బెండజోల్ మాత్ర ఇస్తారు. గొర్రెకీ లెక్కుంది, పిల్లాడికీ లెక్కుంది. ఇంటింటికీ తిరిగే పిల్లి మాత్రం ఏ రిజిస్టర్లోనూ లేదు!

"బడిలో మాత్ర వేశారుగా, ఇంకేం భయం?" అంటారేమో. అక్కడే వుంది తిరకాసు. ఆ మాత్ర మనుషుల పేగుల్లో కాపురం పెట్టే పురుగుల కోసం. పిల్లి ఏలికపాము వేరే రకం, పేరు టాక్సోకారా కాటి. దాని గుడ్లు పిల్లి పెంటతో బయటపడి, రెండు నుంచి నాలుగు వారాలు మట్టిలో వుంటే గానీ అంటుకునే దశకి రావు. ఆ తర్వాత మాత్రం నెలల తరబడి బతికే వుంటాయి. ఆ మట్టి చేతుల్తోనే పిల్లాడు జంతిక తిన్నాడనుకోండి.. గుడ్లు లోపలికెళ్ళి పిల్లపురుగులవుతాయి. మనిషిలో అవి పెద్దవి కాలేవు. దారి తప్పి కాలేయం, ఊపిరితిత్తులు, ఒక్కోసారి కన్ను దాకా తిరుగుతాయి. చాలామందికి ఏమీ తెలియదు. కొందరికి జ్వరం, దగ్గు, కడుపునొప్పి. కంట్లో చేరితే చూపుకే ఎసరు. అవి మనలో గుడ్లు పెట్టవు కనక మలపరీక్షలో దొరకవు, రక్తపరీక్ష చెయ్యాలి. వైద్యం కూడా బడిలో వేసే ఒక్క మాత్రతో అయ్యేది కాదు. కుక్కల్లోనూ దీని చుట్టం ఒకటుంది, దానిదీ ఇదే తంతు.

విచిత్రమేంటంటే, మనం ఏ పని కోసం పిల్లిని వుంచుకున్నామో ఆ పనే దానికి పురుగుల్ని అంటిస్తుంది. ఎలుక కండలో ఈ పిల్లపురుగులు దాక్కుని వుంటాయి, దాన్ని తిన్న పిల్లికి వస్తాయి. కూనలకైతే తల్లిపాలతోనే వస్తాయి. కాబట్టి "మా పిల్లి శుభ్రంగానే వుందండీ" అనే మాటకి అర్థం లేదు.

ఇహ "తరిమేస్తే పీడా పోతుంది" అనేవాళ్ళున్నారు. గోతాంలో వేసి ఊరవతల వదిలి రావడం మనకి తెలిసిన విద్యే. నా దృష్టిలో అది ఒక ఎర్రర్ వచ్చిందని ప్రోగ్రామంతా డిలీట్ చెయ్యడం లాంటిది. పిల్లి పోతే ఎలుకలు పెరుగుతాయి, వాటి మూత్రంతో లెప్టోస్పైరోసిస్ అనే ఇంకో జబ్బుంది. ఇసకలో వున్న గుడ్లేమో ఎక్కడికీ పోవు. నాలుగు రోజుల్లో పక్కింటి పిల్లి వచ్చి ఆ చోటు ఆక్రమిస్తుంది.

చెయ్యాల్సింది పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. గేదెని పశువుల ఆస్పత్రికి తోలుకెళ్ళిన రోజు పిల్లి సంగతీ అడగండి. పైరాంటెల్ లాంటి మందులున్నాయి. కూనలకి మూడో వారం నుంచి రెండు వారాలకోసారి మొదలుపెట్టాలి, ఎలుకలు పట్టే పెద్ద పిల్లికి మూణ్ణెల్లకోసారి వెయ్యాలి. మందు బరువుని బట్టి వుంటుంది కనక పిల్లల మాత్ర ముక్క విరిచి వెయ్యకండి. పెంట కనబడితే ఆ రోజే తీసెయ్యండి, గుడ్లు ముదిరేదాకా ఆగొద్దు. ఇల్లు కడుతూ బజార్లో పోసిన ఇసక కుప్ప పగలు పిల్లల ఆటస్థలం, రాత్రి పిల్లుల దొడ్డి. దానిమీద పట్టా కప్పండి. అన్నిటికన్నా ముందు, తినేముందు పిల్లల చేతులు సబ్బుతో కడిగించండి.

నా మటుకు నాకు, ఊళ్ళోకి గొర్రెల నట్టల మందు వచ్చిన రోజే పిల్లులకీ కుక్కలకీ కూడా వేస్తే బావుంటుందనిపిస్తుంది. వచ్చేది అదే డాక్టరు, అదే ఊరు.. కాసిని మందులు ఎక్కువ తెచ్చుకోవాలంతే. సర్కారు చేసేదాకా మన పిల్లి బాధ్యత మనదే.

ఇంతకీ, మీ ఇంట్లో పిల్లికి ఆఖరుసారి మందు ఎప్పుడు వేశారు?