నొప్పి కీళ్లకు.. ముప్పు ఎముకలకు

వృద్ధ మహిళలను గుల్ల చేస్తున్న కీళ్లవాతం
విరిగాక వైద్యం కాదు.. ముందే గుర్తించడం ముఖ్యం

శ్రీకాకుళం, విజయనగరం: ఏళ్ల తరబడి వరి ఊడుపుల్లో నడుం వంచినవారు, పలాస జీడి పరిశ్రమల్లో గంటలకొద్దీ కూర్చొని పనిచేసినవారు అరవై ఏళ్లు దాటాక కీళ్ల నొప్పులను వయసుతో వచ్చిన వాతంగా సరిపెట్టుకుంటారు. అయితే ఆ నొప్పులన్నీ అరుగుదల వల్ల వచ్చేవి కావు. శరీర రక్షణ వ్యవస్థే సొంత కీళ్లపై దాడి చేసే రుమటాయిడ్ ఆర్థరైటిస్ కూడా వాటిలో ఉంటుంది. పురుషుల కంటే మహిళల్లో ఇది రెండు, మూడు రెట్లు అధికం. ఉదయం లేచాక గంటకు పైగా వేళ్లు బిగుసుకుపోవడం, రెండు చేతుల చిన్న కీళ్లూ వాచడం దీని ముఖ్య లక్షణాలు. వాపు కంటికి కనిపిస్తుంది. లోపల ఎముక సాంద్రత తగ్గుతున్న సంగతి మాత్రం అది విరిగే వరకు తెలియదు.

ముప్పేట దాడి

కీళ్లలో వాపు పుట్టించే రసాయనాలే ఎముకను కరిగించే కణాలను ఉసిగొల్పుతాయి. ముట్లుడిగాక ఈస్ట్రోజెన్ తగ్గడంతో నష్టం వేగం పుంజుకుంటుంది. దీనికి స్టెరాయిడ్ మాత్రలు తోడైతే ముప్పు మరింత పెరుగుతుంది. వాడకం మొదలైన తొలి నెలల్లోనే ఎముక నష్టం ఎక్కువ. రోజుకు 2.5 మిల్లీగ్రాములు, అంతకు మించి ప్రెడ్నిసొలోన్‌ను మూడు నెలలకు పైగా వాడేవారికి ఎముకలు విరిగే ముప్పును అంచనా వేయాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ 2022 మార్గదర్శకాలు సూచిస్తున్నాయి.

చీటీ లేకుండా పొట్లం కట్టి ఇచ్చే మాత్రతో రెండు రోజుల్లో నొప్పి మాయమైతే, అందులో ఏముందో తప్పక అడగాలి. అది స్టెరాయిడ్ అని తేలినా ఒక్కసారిగా మానేయడం ప్రమాదకరం. వైద్యుని పర్యవేక్షణలో మోతాదు తగ్గించుకోవాలి. మెథోట్రెక్సేట్ వంటి అసలు మందులు త్వరగా మొదలుపెడితే స్టెరాయిడ్ అవసరమే తగ్గుతుంది.

ఉద్దానంలో మరింత జాగ్రత్త

కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు తదితర ఉద్దానం మండలాల్లో ఈ సమస్య మరింత జటిలం. నొప్పి మాత్రల అధిక వాడకం మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. మూత్రపిండాలు క్షీణిస్తే విటమిన్ డి, కాల్షియం సమతుల్యత తప్పి ఎముక మరింత బలహీనమవుతుంది. పైగా, ఎముక బలానికి ఇచ్చే అలెండ్రోనేట్ వంటి మందులు మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవారికి పనికిరావు. అందుకే ఇక్కడ క్రియాటినిన్ పరీక్ష తర్వాతే చికిత్సను నిర్ణయించాలి. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. కీళ్ల రోగుల మూత్రపిండాలు, ఎముకలు రెండింటినీ కలిపి చూసే విధానం అక్కడి నుంచే మొదలుకావచ్చు.

చేయవలసింది ఇదీ..

తుంటి విరిగితే శస్త్రచికిత్సకు ప్రభుత్వ ఆరోగ్య పథకం ఆదుకుంటుంది. కానీ మంచం పట్టిన మనిషి మునుపటిలా నడుస్తారన్న భరోసా లేదు. ముప్పై ఏళ్లు దాటినవారికి ప్రభుత్వం రక్తపోటు, మధుమేహం, కొన్ని క్యాన్సర్ల పరీక్షలు చేయిస్తోంది. ఆ జాబితాలో ఎముకల ఊసు లేదు. సాంద్రతను కొలిచే డెక్సా యంత్రం అందుబాటులో లేకున్నా మార్గం ఉంది. వయసు, బరువు, పాత విరుపులు, కీళ్లవాతం, స్టెరాయిడ్ వాడకం వంటి వివరాలతో ముప్పును లెక్కగట్టే 'ఫ్రాక్స్' విధానం 2008 నుంచే వాడుకలో ఉంది. ఏఎన్ఎం, ఆశా కార్యకర్తలు 'ఏ మాత్రలు వేసుకుంటున్నారు?' అని ఒక్క ప్రశ్న అడిగినా ముప్పున్నవారిలో చాలామంది బయటపడతారు.

ముట్లుడిగిన మహిళకు రోజుకు 1200 మిల్లీగ్రాముల కాల్షియం అవసరమని జాతీయ పోషకాహార సంస్థ 2020లో పేర్కొంది. వంద గ్రాముల చోళ్లలో సుమారు 350 మిల్లీగ్రాములు లభిస్తుంది. మన ఇళ్లలో ఒకప్పుడు నిత్యం కాచిన చోడి అంబలి మేలు చేసేదే. అయితే అదొక్కటే మందు కాదు. రెండు జిల్లా కేంద్రాల్లోనూ ప్రభుత్వ వైద్య కళాశాలలున్నాయి. కీళ్లవాత చికిత్సలో ఎముకల పరీక్షను తప్పనిసరి చేయడానికి కొత్త భవనాలు అక్కర్లేదు, అధికారుల సంకల్పం చాలు.