స్పీకరును మార్చినంతనే సరియా?

కారునకు మేలైన ధ్వనియంత్రము నమర్చుకొనుట మన యిండ్లలో నిపుడు వింత గాదు. మదురైకి పోవు 85 కిలోమీటర్ల దారిలో మన పిల్లల చెవిని తెలుగు పాట పడుటకు కారును నొక చోటు గనుక, ఆ సొమ్మును వృథావ్యయమని మేమనజాలము. కాని కొన్ని నెలలకే స్పీకరు మాడుట, అంగడివాడు దానిని తీసి క్రొత్తది బిగించుట, అదియు మాడుట, మరల వెల చెల్లించుట! ఈ వరుసను మాత్రము మన కుటుంబములవారు మౌనముగా సహించుచుండుట మాకు నచ్చలేదు.

నూలుమిల్లుల యూరివారము మనము. ఒకే కదురుపై నూలు పదే పదే తెగుచుండిన ప్రత్తిబేళ్లను మార్చుచు కూర్చుండుదుమా? కదురును, దాని రింగును పరీక్షింతుము. ఆ పాటి విచారణ కారు తలుపులోని స్పీకరునకేల చేయరాదు?

స్పీకరు లోపల సన్నని తీగచుట్ట యొకటి అయస్కాంతపు సందున కదలుచుండును. 1925లో అమెరికాలో రైస్, కెల్లాగ్ అనువారు వెల్లడించిన యేర్పాటే స్థూలముగా నేటికిని నిలిచియున్నది. దానికి చేరు విద్యుత్తులో మిక్కిలి స్వల్పభాగమే ధ్వనియగును, తక్కినదంతయు వేడి. ఆ వేడి మితిమీరిన చుట్ట మాడును. కావున అడుగవలసిన ప్రశ్న “ఏ స్పీకరు కొందుము?” అనునది కాదు, “ఇంత వేడి యెచటినుండి వచ్చినది?” అనునది.

చిన్న ఆంప్లిఫయరు పెద్ద స్పీకరును చెరుపజాలదని పలువురు నమ్ముచున్నారు. ఇది పొరపాటు. శక్తికి మించి ధ్వనిని పెంచినపుడు ఆంప్లిఫయరు తరంగముల శిఖరములను కోసివేయును. అట్లు పూర్తిగా చదునైన తరంగమునకు, అంతే యెత్తుగల నిండు తరంగముకంటె రెండింతల శక్తి యుండును. అందు పుట్టు హెచ్చుస్థాయి ధ్వనులు ట్వీటరుపై బడును. మొదట మాడునది తరచుగా అదియే. ‘గెయిన్’ అను మీటను ధ్వని పెంచు మీటగా భావించి చివరివరకు త్రిప్పివేయు పనివాండ్రే యిందులకు ముఖ్యకారకులు. పెట్టెపై అచ్చువేసిన అంకెల సంగతి వేరుగ చెప్పనేల? ‘50 వాట్లు, నాలుగు’ అని ముద్రించిన సామాన్యపు స్టీరియో, 12 వోల్టుల బ్యాటరీపై ఒక్కొక్క స్పీకరునకు శుద్ధముగా నీయగలది సుమారు 20 వాట్లు మాత్రమే. చూడవలసినది ఆర్.ఎమ్.ఎస్. అను అంకె.

ఎల్లప్పుడు ఒకే తలుపులోని స్పీకరు చెడుచున్నచో ఎడమ కుడి స్పీకర్లను తారుమారు చేసి చూడవలెను. చెడు ఆ తలుపునే అంటియుండిన దోషము స్పీకరుది కాదు. తీగది గాని ఆంప్లిఫయరుది గాని యగును. తలుపు తెరచి మూయునప్పుడెల్ల కీలు వద్ద తీగ నలుగును. పైపొర చిరిగి బండి యినుమునకు తగిలినచో, స్టీరియోనుండి ఏకముఖ విద్యుత్తు నేరుగా స్పీకరులోనికి ప్రవహింపవచ్చును. ధ్వని లేకయే చుట్ట మాడును! తలుపు లోపలి ప్లాస్టిక్ పొరను చించి తీగలు దూర్చినచో ఐప్పసి, కార్తిక మాసముల వానకు స్పీకరు తడియుట మరియొక కారణము.

వీనిని కనుగొనుటకు మల్టీమీటరు చాలును. 4 ఓముల స్పీకరు అందు నాలుగునకు కొంచెము తక్కువగా చూపవలెను. అట్టివి రెండు ప్రక్కప్రక్కన కలిపినచో 2 ఓములగును. దానిని మోయగలదో లేదో ఆంప్లిఫయరు పత్రమునే అడుగవలెను. ఈ కొలతలు తీయక రెండవ స్పీకరును అమ్మజూపు అంగడిలో మనవారు సొమ్ము చెల్లింపరాదని మా నిశ్చితాభిప్రాయము. రసీదులో వాట్లు, ఓములు, హామీ కాలము వ్రాయించుకొనుడు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ననుసరించి జిల్లా కమిషన్ యెదుట ఫిర్యాదు చేయవచ్చును; 5 లక్షల రూపాయల లోపు వెలకు రుసుము లేదు. రసీదు లేనివాని గోడు అచట నిలుచుట కష్టము.

మాడిన స్పీకరు సొమ్మునకే నష్టము. బ్యాటరీనుండి ఆంప్లిఫయరునకు ఫ్యూజు లేకయే తీగ లాగుట, లేక కాలిన ఫ్యూజు చోట రాగితీగ చుట్టుట, ప్రాణములకే యపాయము. ఆ తీగ బండి యినుమునకు తగిలిన క్షణమున బ్యాటరీ బలమంతయు అందు పారి నిప్పు పుట్టును. ఫ్యూజు బ్యాటరీకి అడుగున్నర లోపల నుండవలెను. ఈ ఆదివారమే బానెట్టు తెరచి చూచుకొనుడు.