మోకాలు దెబ్బతింటే ఫీజు కట్టేదెవరు?

2021లో ముందస్తుగా ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌కు పేర్లిచ్చిన కుర్రాళ్లు 353 మంది. 2025 వచ్చేసరికి ఆ లెక్క 106కు దిగింది. నాలుగేళ్లలో బాస్కెట్‌బాల్ కుర్రాళ్లకు క్లాసురూముల మీద మమకారం పుట్టుకొచ్చిందని సంబరపడితే తొందరపాటే. కొవిడ్ పుణ్యమా అని 2021 లెక్క కాస్త ఉబ్బిన మాట నిజమే గానీ, అసలు కారణం వేరు. జీతం ఇప్పుడు కాలేజీలోనే దొరుకుతోంది.

ఐపీఎల్ వేలానికి అలవాటుపడ్డ మనకు డ్రాఫ్ట్ కాస్త వింతగా ఉంటుంది. అక్కడ పాట పెంచడం ఉండదు. 30 జట్లు వరస ప్రకారం రెండు రౌండ్లలో ఆటగాళ్లను ఎంచుకుంటాయి. తొలి రౌండులో ఎన్నో స్థానానికి ఎంత జీతమో ముందే ఖరారై ఉంటుంది, మొదటి రెండేళ్ల డబ్బుకు హామీ ఉంటుంది. రెండో రౌండు వాళ్లకు ఆ భరోసా లేదు. వాళ్లలో చాలామందికి దక్కేది టూ-వే కాంట్రాక్టు. అంటే కొన్నాళ్లు పెద్ద జట్టుతో, కొన్నాళ్లు దాని కింది లీగులో. 2024-25లో దాని విలువ 5,78,577 డాలర్లు. పేరున్న యూనివర్సిటీ జట్టులో నిలదొక్కుకున్న ఆటగాడికి ఇప్పుడు అంతకన్నా ఎక్కువే ముట్టే అవకాశం ఉంది. అలాంటప్పుడు రెండో రౌండు కుర్రాడు కాలేజీ వదిలి ఎందుకు పోతాడు?

"ముందు చదువు కానియ్, తర్వాత ఆడుకుందువు" అన్న పెద్దల మాట వినడానికి బాగుంటుంది. అమెరికాలో ఆ మాట చాటున వ్యాపారమూ ఉంది. హైస్కూల్ ముగిసి నాలుగేళ్లు గడిచేదాకా ఎవరినీ తీసుకోరాదన్నది ఒకప్పటి ఎన్‌బీఏ నియమం. ఆ నాలుగేళ్లూ కాలేజీ జీతం ఇవ్వకుండా ఆడించుకునేది. లీగుకేమో పైసా ఖర్చు లేకుండా తయారైన ఆటగాడు చేతికందేవాడు. ఈ ఏర్పాటును కోర్టుకీడ్చినవాడు స్పెన్సర్ హేవుడ్. మిసిసిపీలో పత్తి ఏరుతూ పెరిగిన కుర్రాడు, 19 ఏళ్లకే 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచాడు. సియాటిల్ సూపర్‌సోనిక్స్ అతన్ని తీసుకుంటే లీగు అడ్డుపడింది. 1971 మార్చిలో సుప్రీంకోర్టు 7-2 మెజారిటీతో అతని పక్షాన నిలిచింది. లీగు వెంటనే మరో మెలిక పెట్టింది: ఇంట్లో గడవడం కష్టంగా ఉందని నిరూపించుకున్నవాళ్లే ముందుగా రావచ్చు. ఆదాయ ధ్రువపత్రం కోసం తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరగడం మనకే అనుకుంటాం గానీ, ఏడడుగుల ఆటగాళ్లకూ ఆ తిప్పలు తప్పలేదు. ఆ మెలిక 1976 దాకా సాగింది.

1995లో కెవిన్ గార్నెట్, మరుసటి ఏడాది కోబీ బ్రయంట్, 2003లో లెబ్రాన్ జేమ్స్ హైస్కూల్ నుంచి నేరుగా వచ్చి చరిత్ర సృష్టించారు. ఈ మూడు పేర్లే అందరి నోటా ఉంటాయి. 1998 డ్రాఫ్ట్‌లోని రెండు పేర్లు అంతకన్నా ఎక్కువ నేర్పుతాయి. ఇద్దరూ హైస్కూల్ నుంచే వచ్చారు, ఇద్దరినీ తొలి రౌండులో ఎవరూ పిలవలేదు. 32వ స్థానంలో పిలుపొచ్చిన రషార్డ్ లూయిస్ రెండుసార్లు ఆల్‌స్టార్ అయ్యాడు, 2007లో ఓర్లాండోతో ఆరేళ్లకు 11 కోట్ల డాలర్లకు పైబడిన ఒప్పందం కుదుర్చుకున్నాడు. 40వ స్థానంలో డెట్రాయిట్ తీసుకున్న కొర్లియోన్ యంగ్ ఎన్‌బీఏలో ఆడింది మూడే మ్యాచ్‌లు. అతను కాలేజీ బెంచీకీ, ప్రొఫెషనల్ కోర్టుకీ కాకుండా రెంటికి చెడ్డ రేవడి అయ్యాడు.

వయసు నిబంధన ఉండాలనేవాళ్లు యంగ్ కథే చూపిస్తారు. కానీ ఆ కథలో అతన్ని ముంచింది 19 ఏళ్ల వయసు కాదు, వెనక్కి దారి లేకపోవడం. ప్రొఫెషనల్ అయినవాడికి ఆనాటి కాలేజీ క్రీడల్లో మళ్లీ చోటు లేదు. దారి మూసిన నియమాన్ని వదిలేసి, బయల్దేరిన పిల్లాడిని తప్పుపట్టడం ఏం న్యాయం?

2005లో లీగు, ఆటగాళ్ల సంఘం కలిసి కొత్త నిబంధన రాసుకున్నాయి: డ్రాఫ్ట్ ఏడాదికి 19 నిండాలి, అమెరికా కుర్రాడైతే హైస్కూల్ ముగిసి ఏడాది గడవాలి. ఆ ఒక్క ఏడాదితో కాలేజీ కాస్తా బస్టాండయింది. వచ్చారు, కాసేపు కూర్చున్నారు, బస్సెక్కారు. 2016 డ్రాఫ్ట్‌లో అందరికన్నా ముందు పిలుపొచ్చిన బెన్ సిమన్స్‌నే తీసుకోండి. లూసియానా స్టేట్ యూనివర్సిటీలో మార్కులు చాలక అతను ఉత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే ఆ ఏటి వుడెన్ అవార్డు పోటీకే అర్హత కోల్పోయాడు. ఈ తంతు ఇష్టంలేని బ్రాండన్ జెన్నింగ్స్ 2008లో ఇటలీ వెళ్లి రోమ్ క్లబ్బులో జీతానికి ఆడాడు. ఏడాది తర్వాత పదో ఎంపికగా మిల్వాకీ చేరి, తొలి సీజన్‌లోనే ఒక మ్యాచ్‌లో 55 పాయింట్లు కొట్టాడు. కాలేజీకి వెళ్లనందుకు అతని ఆటకు తరుగేమీ రాలేదు. 2018లో మాజీ విదేశాంగ మంత్రి కాండొలీజా రైస్ నేతృత్వంలోని కమిషన్ ఈ ఏడాది నిబంధన ఎత్తేయమంది. 2019 ఫిబ్రవరిలో నార్త్ కరొలైనాతో మ్యాచ్ మొదలైన నిమిషంలోపే డ్యూక్ తార జయాన్ విలియమ్సన్ బూటు చిరిగి మోకాలు బెణికినప్పుడు, జీతం లేని ఆ ఆటలో ఎవరి భవిష్యత్తు పణంగా ఉందో దేశమంతా చూసింది. అయినా నిబంధన కదల్లేదు.

కదిలింది డబ్బు. 2021 జూన్‌లో ఆల్‌స్టన్ కేసులో సుప్రీంకోర్టు 9-0తో కాలేజీ క్రీడల పెద్దన్న ఎన్‌సీఏఏకు మొట్టికాయ వేసింది. జులై నుంచి ఆటగాళ్లు తమ పేరుతో, బొమ్మతో సంపాదించుకోవచ్చన్నారు. 2025 జూన్‌లో ఖరారైన హౌస్ కేసు రాజీ ఒప్పందంతో యూనివర్సిటీలే నేరుగా చెల్లించే వీలొచ్చింది. తొలి ఏడాది ఒక్కో యూనివర్సిటీ అన్ని క్రీడలకూ కలిపి దాదాపు 2 కోట్ల 5 లక్షల డాలర్ల వరకు పంచవచ్చు. కాలేజీ వద్దనుకునే కుర్రాళ్ల కోసం ఎన్‌బీఏ 2020లో పెట్టిన జీ లీగ్ ఇగ్నైట్ జట్టు 2024లో మూతపడింది. ఇక 2023 డ్రాఫ్ట్‌లో 31వ స్థానంలో ఎంపికైన నైజీరియా కుర్రాడు జేమ్స్ నాజీ యూరప్‌లో ప్రొఫెషనల్‌గా ఆడి, 2025 డిసెంబరులో బేలర్ యూనివర్సిటీ జట్టులో చేరాడు. కొందరు కోచ్‌లు మండిపడ్డారు. హైస్కూల్ పిల్లల చోటు పోతుందన్న వాళ్ల బాధలో అర్థముంది. కానీ వెనక్కి దారి తెరుచుకోవడం మాత్రం మంచిదే.

అమ్మాయిల సంగతి పూర్తిగా వేరు. డబ్ల్యూఎన్‌బీఏలో చేరాలంటే అమెరికా క్రీడాకారిణికి ఆ ఏడాది 22 నిండాలి, లేదా కాలేజీ పూర్తవ్వాలి. అయోవాలో నాలుగేళ్లు ఆడి, నైకీ, గటొరేడ్ ప్రకటనల్లో వెలిగిన కెయిట్లిన్ క్లార్క్ 2024లో తొలి ఎంపికగా లీగుకొస్తే మొదటి ఏడాది జీతం 76,535 డాలర్లు. పెద్దలు చెప్పినట్టే చదువు ముగించి వచ్చినవాళ్లకు లీగు ఇచ్చిన విలువ అది. ఓపిక పడితే ఫలితం దక్కుతుందని ఆడపిల్లలకు చెప్పేముందు ఈ అంకె చూడాలి.

మరి డబ్బు కాలేజీకి వచ్చింది కాబట్టి చదువూ వచ్చినట్టేనా? లేదు. 2024 నుంచి ఆటగాళ్లు ఎన్నిసార్లయినా యూనివర్సిటీ మారి వెంటనే ఆడొచ్చు. నాలుగేళ్లలో మూడు యూనివర్సిటీలు తిరిగిన కుర్రాడి క్రెడిట్లు ఒకచోటివి మరోచోట చెల్లకపోతే డిగ్రీ గాలిలో దీపమే. కాలేజీలో ఉండటం వేరు, చదవడం వేరు.

చదవాలనుకున్నవాళ్లు ఎప్పుడైనా చదివారు. మైకెల్ జోర్డాన్ 1984లో ఎన్‌బీఏకు వెళ్లి, 1986లో డిగ్రీ ముగించాడు. స్టెఫెన్ కర్రీ 2009లో డేవిడ్‌సన్ వదిలి, 2022లో పట్టా అందుకున్నాడు. విన్స్ కార్టర్‌దైతే సినిమాలో పెట్టదగ్గ రోజు. 2001 మే 20 ఉదయం నార్త్ కరొలైనాలో స్నాతకోత్సవం, అదే రోజు ఫిలడెల్ఫియాలో ప్లేఆఫ్ సిరీస్ తేల్చే ఏడో మ్యాచ్. గౌను వేసుకుని వేడుకలో కూర్చుని, విమానమెక్కి మ్యాచ్‌కు చేరాడు. 88-87తో అతని జట్టు టొరంటో ఓడింది. ఆఖరి షాట్ వేసింది కార్టరే, పడలేదు. పొద్దున్నే కాన్వొకేషన్‌కు వెళ్లినందుకే ఓడామన్నారు విమర్శకులు. చదవకపోతే తప్పు, చదివినా తప్పే!

ఎన్‌బీఏ చేయాల్సిన పనికి నమూనా పక్కవీధిలోనే ఉంది. మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో హైస్కూల్ నుంచి నేరుగా వచ్చే కుర్రాడు కాలేజీ ఫీజు భారం క్లబ్బుదేనని కాంట్రాక్టులోనే రాయించుకోవచ్చు. నాలుగేళ్ల కాలేజీలో చేరితే సాధారణంగా మూడేళ్లో, 21 ఏళ్లో నిండేదాకా డ్రాఫ్ట్ ఉండదు. అక్కడ రెండు దారులూ తెరిచే ఉన్నాయి, రెంటి చివరా చదువు ఉంది. కాలేజీల హామీ మాత్రం చాలాకాలం పలచనే. 1973 నుంచి 2012 దాకా అథ్లెట్ స్కాలర్‌షిప్ ఏడాదికోసారి పొడిగించేదే.

మనవైపు నుంచి వెళ్లేవాళ్లకు మరో చిక్కుంది. తెలుగు ఇళ్లల్లో చిన్నపిల్లలకూ తెలిసిన ఎఫ్-1 వీసా మీద చదివేవాళ్లు తమ పేరుతో, బొమ్మతో వచ్చే ప్రకటనల డబ్బును అమెరికా కుర్రాళ్లలా సంపాదించలేరు. వరసగా రెండేళ్లు దేశంలోనే ఉత్తమ కాలేజీ ఆటగాడైన కెనడా కుర్రాడు జాక్ ఈడీకే ఆ ఇబ్బంది తప్పలేదు. అయినా 2023 డ్రాఫ్ట్ నుంచి పేరు వెనక్కి తీసుకుని పర్డ్యూలో నాలుగో ఏడాది ఆడి, 2024లో తొమ్మిదో ఎంపికయ్యాడు. పంజాబ్‌లోని బల్లోకే నుంచి 14 ఏళ్లకు ఫ్లోరిడా అకాడమీకి వెళ్లిన సత్నామ్ సింగ్, కాలేజీ మెట్టెక్కకుండానే 2015లో డాలస్‌కు 52వ ఎంపికయ్యాడు. భారత్‌లో పుట్టి డ్రాఫ్టయిన తొలి ఆటగాడు అతనే. కింది లీగులో ఆడాడు గానీ ఎన్‌బీఏ మ్యాచ్‌లో ఒక్క నిమిషమూ దక్కలేదు. తర్వాత ప్రొఫెషనల్ రెజ్లింగ్‌లోకి వెళ్లాడు.

హైదరాబాద్‌లోనైనా, విజయవాడలోనైనా, న్యూజెర్సీలోనైనా బిడ్డను ఆట వైపు పంపుతున్న తల్లిదండ్రులు అకాడమీని, కాలేజీని, క్లబ్బును ఒక్కటే అడగాలి: మోకాలు దెబ్బతిన్న రోజున ఫీజు ఎవరు కడతారు, ఎన్నేళ్లు కడతారు? జవాబు నోటిమాటగా కాదు, కాగితం మీద రావాలి. ఎన్‌బీఏ కూడా వయసు నిబంధన తీసేసి, ఆ స్థానంలో ఫీజు హామీ పెట్టాలి. లీగుకూ, ఆటగాళ్ల సంఘానికీ మధ్య 2023లో కుదిరిన ప్రస్తుత ఒప్పందం వయసు నిబంధనను మార్చలేదు. దాని గడువు 2029-30 సీజన్‌తో తీరుతుంది.