ఆడేది మన పిల్లలు, ఆడించేది ఇంకొకరా?

పోస్టు కొంచెం పొడుగైంది. ఇంటర్, డిగ్రీ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఓపికతో చదవండి.

ఈ మధ్య మన తండాల నుంచి, నల్లమల పెంటల నుంచి ఒకటే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తున్నది. "అన్నా, స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ అని కోర్సు ఉందంట, చేరమంటరా?" అడిగేది ఎక్కువగా కబడ్డీనో, పరుగో ఆడి, రాష్ట్రస్థాయి దాకా పోయి ఆగిపోయిన పిల్లలు. ఆట అయిపోయింది, మరి ఇప్పుడేంది అనేది వాళ్ల అసలు ప్రశ్న. మనకు తెలిసిన జవాబు ఒక్కటే: పీఈసెట్ రాయి, బీపీఎడ్ చెయ్యి, పీఈటీ నోటిఫికేషన్ కోసం చూడు. అది తప్పు కాదు, కానీ ఆటలో ఉన్న పని అదొక్కటే కాదు.

గద్వాల వైపు జాతరల్లో బండలాగుడు పోటీలు చూసినోళ్లకు ఈ విషయం చెప్పనక్కర్లేదు. ఎద్దులను పళ్లను బట్టి విభాగాలు చేస్తరు. టైం పెట్టి, బండ ఎన్ని అడుగులు పోయిందో టేపు పట్టి కొలుస్తరు. బహుమతి ఇచ్చే దాతలను ముందే మాట్లాడి పెట్టుకుంటరు. మైకు, నీళ్లు, వచ్చిన జనానికి అన్నం, గొడవైతే సర్దిచెప్పే పెద్దమనుషులు, అన్నీ ఉంటయి. కాలేజీలో ఈవెంట్, స్పాన్సర్‌షిప్, రిస్క్ అని పాఠాలు చెప్పేది దీని గురించే. నాగర్‌కర్నూల్ జిల్లాలో సలేశ్వరం జాతరకు చైత్ర పౌర్ణమి రోజుల్లో వేల మంది లోయలోకి దిగుతరు. ఆ రాళ్ల దారి చెంచులకు తెలిసినంత ఇంకెవరికి తెలుసు? మనకు పని వచ్చు. కాగితం లేదు, కమిటీలో కుర్చీ లేదు.

కుర్చీ దాకా పోయినోళ్లు లేరా అంటే ఉన్నరు. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో హాకీ జట్టు కెప్టెన్ జైపాల్ సింగ్ ముండా తర్వాత రాజ్యాంగ సభలో ఆదివాసీల గొంతైన సంగతి అందరికీ తెలుసు. మన కాలంలో దిలీప్ తిర్కీని చూడండి. ఒడిశా సుందర్‌గఢ్ ఆదివాసీ బిడ్డ. మూడు ఒలింపిక్స్ ఆడి, 2022 సెప్టెంబర్‌లో హాకీ ఇండియా అధ్యక్షుడయిండు. ఆడినోడే ఆటను నడిపే స్థానానికి వచ్చిండు. ఆయన వెనుక ఒడిశాలో హాకీకి దశాబ్దాల పునాది ఉంది, అది కూడా మరువొద్దు.

ఇక అసలు భయం, డబ్బు. ముంబైలో మాజీ క్రికెటర్ నీలేశ్ కులకర్ణి పెట్టిన సంస్థ 2010 నుంచి ఈ కోర్సు నడుపుతున్నది. ఐఐఎం రోహ్‌తక్‌లో కూడా ఉంది, అది ఉద్యోగం చేస్తూ చదివేవాళ్ల కోసం. ప్రైవేటు కాలేజీల ఫీజు లక్షల్లోనే. మాలోనే ఒక ఇంట్లో ఇట్లాంటి చదువు కోసం ఎకరం చెల్క కుదువ పెట్టినరు. కాలేజీ వాళ్లు చేర్చుకునేటప్పుడు రీయింబర్స్‌మెంట్ వస్తదన్నరు, తర్వాత ఆ కోర్సుకు వర్తించదన్నరు. పిల్లగాడు రెండో ఏడు మధ్యలోనే ఇంటికి వచ్చిండు. ఇప్పుడు ఆ చెల్క మీద వడ్డీ నడుస్తున్నది. అందుకే చెప్తున్నం: కోర్సుకు యూనివర్సిటీ గుర్తింపు ఉందా, స్కాలర్‌షిప్ వస్తదా అనేది కాగితం మీద రాయించుకోకుండా ఒక్క రూపాయి కట్టకండి. ఫోన్లో చెప్పిన మాట లెక్కలోకి రాదు.

మా అభిప్రాయం ఇది. డిగ్రీ ప్రభుత్వ కాలేజీలోనే చేయండి. కామర్స్ అయితే ఇంకా మంచిది, ఎందుకంటే ఆట నడపడంలో సగం పని లెక్కలే. సీఎం కప్, స్కూల్ గేమ్స్ మండల, జిల్లా పోటీలు జరిగినప్పుడు వలంటీరుగా పోండి. డ్రా వేసుడు, స్కోరు షీటు రాసుడు, టీఏ బిల్లు పెట్టుడు నేర్చుకోండి. మేనేజ్‌మెంట్ చదువు పీజీలో చూసుకోవచ్చు. మాలో కొందరు దీనికి ఒప్పుకోరు. ముందే పట్నం పోకపోతే పరిచయాలు కావంటరు. వాళ్ల మాటలో నిజం లేకపోలేదు, కానీ పరిచయాల కోసం చెల్క పోగొట్టుకోలేం.

ఇంకో మాట సర్కారుకు. 2024 డిసెంబర్‌లో యంగ్ ఇండియా ఫిజికల్ ఎడ్యుకేషన్, స్పోర్ట్స్ యూనివర్సిటీ బిల్లు అసెంబ్లీలో పాసయింది. అందులో స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ తక్కువ ఫీజుతో పెట్టాలె. మన 10 శాతం రిజర్వేషన్ ప్రతి కోర్సులో కనపడాలె. పాలమూరు ఉమ్మడి జిల్లాలో ఒక సెంటర్ ఉండాలె. 2022లో ఊరూరా క్రీడా ప్రాంగణాలన్నరు, మేం చూసిన తండాల్లో బోర్డు నిలబడి ఉంది, గడ్డి నడుము దాకా పెరిగింది. గ్రౌండు ఇచ్చుడు వేరు, దాన్ని నడిపే మనిషిని పెట్టుడు వేరు. ఆ మనిషి ఆ తండా పిల్లనో, పిల్లగాడో ఎందుకు కాకూడదు?

ఫిబ్రవరి 15 సేవాలాల్ జయంతికి వనపర్తి, అచ్చంపేట వైపు తండాల్లో టోర్నమెంట్లు పెట్టేవాళ్లు ఉంటే కామెంట్లో మీ ఊరి పేరు రాయండి. ఈసారి చందాల లెక్క, మ్యాచుల షెడ్యూలు డిగ్రీ పిల్లలకే అప్పజెప్పండి. లెక్కపుస్తకం ఎట్ల రాయాలో మేం వచ్చి చూపిస్తం.